అన్నయ్య కంప్యూటర్‌కి వదిన పెట్టిన బొట్టు

చాలా ఏళ్ళుగా ఒక మాట నా గుండెల మీద కూర్చుని ఉంది. మింగుడు పడదు, బయటకు రాదు. నా భార్యకు చెప్పలేదు. అమ్మ పోయేముందు రెండు మూడుసార్లు నోటిదాకా వచ్చింది. ఆమెకూ చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరు నన్నెరగరు, నేను మిమ్మల్నెరగను. మీ ముఖం చూస్తూ మాట మార్చే వీలు నాకు ఇక్కడ లేదు. మాట మార్చడంలో నాకు మంచి నేర్పు ఉంది. ఈ కథంతా ఆ నేర్పు గురించే.

చూడబోతే చిన్న విషయం. ఒక పాత కంప్యూటర్ చెడిపోయింది. అంతే. ఊళ్ళో ఎన్ని చెడిపోవు? దానికోసం ఇన్నేళ్ళు లోలోపల కుళ్ళిపోవాలా అని మీకు అనిపిస్తే తప్పుపట్టను. చివరిదాకా వినండి, చాలు.

మాది పాతపట్నం. అన్నయ్యకు ఫొటో స్టూడియో ఉండేది, దాని వెనకే మా ఇల్లు. ఇటు మన పల్లెల పెళ్ళిళ్ళు, అటు సరిహద్దు దాటి పర్లాకిమిడి వైపు ఒడియావాళ్ళ పెళ్ళిళ్ళు, అన్నీ ఆయనే తీసేవాడు. రెండు భాషల్లోనూ పెళ్ళికూతుర్ని నవ్వించగలిగేవాడు. తర్వాత ఆయన కిడ్నీలు పాడయ్యాయి. డయాలసిస్ కోసం శ్రీకాకుళం వెళ్ళొచ్చే రోజుల్లో షాపు మూతపడకుండా వదిన కూర్చునేది. కోటబొమ్మాళి దగ్గర పల్లెలో రైతుల ఇంటి పిల్ల. పదో తరగతితో చదువు ఆపేసింది. మొదట్లో మౌస్ పట్టుకోవడమే రాదు. అన్నయ్య మంచంమీద పడుకుని చెబుతుంటే నేర్చుకుంది. కొన్నాళ్ళకి పెళ్ళి ఆల్బమ్ మొత్తం తనే కూర్చేసేది. తలంబ్రాల ఫొటో పేజీ నిండా వేసి, ఓ మూలన పెళ్ళికూతురి తండ్రి కండువాతో కళ్ళు తుడుచుకుంటున్న ఫొటో చిన్నగా పెట్టేది. ఆల్బమ్ తిరగేసేవాళ్ళు అక్కడికి వచ్చేసరికి మాట ఆపేసేవారు. అన్నయ్య అది చూసి నవ్వి, నాకు చేతకానిది దీనికి వచ్చిందిరా అన్నాడు నాతో. గర్వంగా అన్నాడు.

అన్నయ్య పోయాక నేను విశాఖలో ఉద్యోగం మానేసి వచ్చి షాపు చూసుకోవడం మొదలుపెట్టాను. ఉద్యోగమంటే పెద్దదేం కాదు. ఓ ఆఫీసులో కంప్యూటర్లు బాగుచేసే పని. కానీ మా ఇంట్లో నేనంటే మహా మేధావి. అమ్మ అయితే ఇంటికి వచ్చినవాళ్ళందరికీ, మావాడు ముట్టుకుంటే చాలు ఎలాంటి మిషనైనా లేచి కూర్చుంటుందని చెప్పేది. నేను కాదనేవాణ్ణి కాదు. ఆ మాట నాకు తీపిగానే ఉండేది. ఇది ముందే చెబుతున్నాను, తర్వాత జరిగినదానికి అదే మూలం.

వదిన ఇక షాపులో నలుగురి కళ్ళముందు కూర్చోవడానికి ఇష్టపడలేదు. అన్నయ్య కంప్యూటర్‌ని ఇంట్లోకి మార్చాం. అక్కడే ఆల్బమ్‌లు చేసేది. ఆమె కూతురు పావని అప్పటికి చిన్నపిల్ల, పక్కన చాప వేసుకుని హోంవర్క్ రాసుకునేది. మనిషి పోయిన ఆ ఇంట్లో వదిన మొహం కాస్త తేటగా కనిపించేది ఆ పెట్టె ముందు కూర్చున్నప్పుడే. ఒకసారి తనలో తనే ఏదో కూనిరాగం తీయడం విన్నాను. నన్ను చూసి ఆపేసింది.

అలాంటిదాన్ని నేను కదిలించాను. ఎందుకు? ఎవరు అడిగారు?

సర్వర్ చేద్దామనుకున్నాను. సర్వర్ అంటే ఇంటిపెద్ద లాంటిది. ఫొటోలన్నీ దాని దగ్గరే ఉంటాయి, ఎవరికి ఏది కావాలంటే అది దాన్ని అడిగి తీసుకుంటారు. వదిన ఇంట్లో చేసిన ఆల్బమ్ షాపులో నా తెర మీదకు వస్తుంది, అన్నయ్య తీసిన పెళ్ళిళ్ళన్నీ ఒకేచోట భద్రంగా ఉంటాయి. ఆలోచన మంచిదే. కానీ అన్నయ్య కంప్యూటర్‌లో ప్రాసెసర్, అంటే దాని మెదడు, పాతది. వదిన పనిచేస్తుండగా నేను షాపులోంచి ఫైళ్ళు లాగితే నీరసించిపోయేది. లోపల ప్రాసెసర్ కూర్చునే బోర్డు అదే ఉంచి, దానిలో పట్టే ఇంకా జోరైన ప్రాసెసర్ విశాఖలో ఒకరు తాము వాడినది అమ్ముతున్నారని తెలిసి తెప్పించాను. వదిన మాత్రం, బాగానే నడస్తన్నాది కదా బాబూ, దాన్నెందుకు కెలకడం అంది. నీకు తెలీదు వదినా అని నవ్వేశాను.

దసరా దగ్గరపడింది. ఆయుధపూజ నాడు స్టూడియోలో కెమెరాలూ లైట్లూ అన్నీ తుడిచి వరసగా పెట్టి, పసుపు నీళ్ళు చల్లి, కుంకుమ బొట్లు పెట్టడం అన్నయ్య మొదలుపెట్టిన అలవాటు. పూజ అవగానే సర్వర్‌ని అందరిముందు ఆన్ చేస్తానని ఇంట్లో ప్రకటించాను. అంతటితో ఆగలేదు. అన్నయ్య మిషన్‌కి బొట్టు ఈసారి వదినే పెట్టాలన్నాను. భర్త పోయిన మనిషి చేత పూజ చేయిస్తావా అని అమ్మ నొచ్చుకుంది. ఈ రోజుల్లో ఇంకా అవేం మాటలని అమ్మ మీద ఎగిరాను. వదిన తలుపు పక్కన నిలబడి వింటోంది. ఆమె కళ్ళు నీళ్ళతో మెరిశాయి. ఆ క్షణాన నేను నిజంగానే మంచివాణ్ణి. ఆ మంచితనంలో కల్తీ లేదని ఇప్పటికీ అనుకుంటాను. అందుకే తర్వాతది నాకు మరీ భరించరానిదిగా ఉంది.

పూజకు ముందురోజు మధ్యాహ్నం, ఇంట్లో అందరూ పిండివంటల పనిలో ఉండగా, అన్నయ్య కంప్యూటర్ షాపు బల్ల మీదకు తెచ్చి విప్పాను. ఫ్యాన్ తీశాను, దాని కింద వేడి లాగడానికి పూసి ఎండిపోయిన పేస్టు తుడిచాను, పాత ప్రాసెసర్ పైకి తీశాను. కింద బోర్డు మీది సాకెట్‌లో వెంట్రుకల్లాంటి సన్నటి సూదులు వందల్లో ఉంటాయి. వాటిమీద ప్రాసెసర్‌ని నిటారుగా, నెమ్మదిగా దించాలి. రెండు చేతులతో చెయ్యాల్సిన పని. ఒంటిచేత్తో చేశాను. రెండో చేతిలో ఫోన్ ఉంది. విశాఖలో పాత స్నేహితుడితో మాట్లాడుతున్నాను, నేనే సర్వర్ కడుతున్నానని గొప్పలు చెబుతున్నాను. ప్రాసెసర్ వేళ్ళలోంచి జారింది. మూల వైపు నుంచి సూదుల మీద పడింది.

చప్పుడు కూడా రాలేదు. ఎత్తి చూస్తే ఓ మూలన సూదులు గాలికి పడిన వరిచేనులా ఒరిగిపోయి ఉన్నాయి.

కుట్టుసూది తెచ్చి ఒక్కొక్కటీ లేపబోయాను. ఒకటి విరిగింది. ఇంకోటి విరిగింది. కొత్త ప్రాసెసర్ పెట్టి చూశాను, పాతది పెట్టి చూశాను. ఫ్యాన్ తిరుగుతుంది, తెర మీద ఏమీ రాదు. బోర్డు పోయింది. అందులో అనుమానం లేదు, అది నా వృత్తి. ఫొటోలున్న డిస్కుకి ఏమీ కాలేదు. రేపటికి ఏదో వంక చెప్పి, పండగ వెళ్ళాక పాత బోర్డు ఒకటి కొనుక్కొచ్చి మార్చేస్తే ఎవరికీ తెలియదనుకున్నాను. పెట్టె మూసేసి, స్క్రూలు బిగించి, పైన తుడిచి పెట్టాను. వదిన టీ తెచ్చి, అయిపోయిందా బాబూ అని అడిగింది. అయిపోయింది వదినా అన్నాను. అది మొదటి అబద్ధమా? పని అయిపోయిన మాట నిజమే కదా. చూశారా, ఇప్పటికీ అలాగే లెక్కేసుకుంటున్నాను.

మర్నాడు పొద్దున్న వదిన తలస్నానం చేసి, చాలాకాలం తర్వాత కొంచెం రంగున్న చీర కట్టుకుని వచ్చింది. మా అమ్మ అక్క, మేమంతా దొడ్డ అని పిలిచే ఆవిడ, పండక్కి వచ్చి ఉంది. కెమెరాలకు అమ్మ బొట్లు పెట్టింది. కంప్యూటర్ వంతు వచ్చేసరికి వదిన గుమ్మం దగ్గరే ఆగిపోయి, వద్దులే బాబూ, అత్తయ్యనే పెట్టమను అంది. నేను, ఫర్వాలేదు, రా వదినా అన్నాను.

ఎందుకన్నాను ఆ మాట?

ఇక్కడే ఇన్నేళ్ళూ తిరుగుతున్నాను. ముందే మాట ఇచ్చాను కాబట్టి అన్నానా? పిలవకపోతే ఆమె చిన్నబుచ్చుకుంటుందని అన్నానా? లేక ఆ పెట్టె ఇక లేవదని తెలిసిన నాలోని ఎవడో, ఆఖరున దాన్ని ముట్టుకున్న చెయ్యి నాది కాకుండా ఉండాలని నాచేత ఆ మాట అనిపించాడా? ఒట్టేసి చెప్పమంటే చెప్పలేను. ఒక్కటి మాత్రం ఒట్టేసి చెప్పగలను. ఆమె మామిడాకుతో పసుపునీళ్ళు చల్లుతున్నప్పుడు నాలుగు చుక్కలు పెట్టె పక్కనున్న గాలిరంధ్రాల్లోకి జారడం నేను చూశాను. చూసి, నా ఒంట్లో ఊరట లాంటిదేదో కలిగింది. చన్నీళ్ళు తాగినట్టుంది. ఆ ఊరటే నా పాపం. మిగతాదంతా దాని వెనకాల వచ్చింది.

ఆమె ఉంగరపు వేలితో కుంకుమ పెట్టింది. పెట్టి, ఆ పెట్టె మీద అరచెయ్యి ఆనించి కాసేపు అలాగే ఉంది. పావని చప్పట్లు కొట్టింది. సర్వరో ఏటో అన్నావు కదా, ఏదీ ఎలిగించరా అంది దొడ్డ.

అనుకున్నట్టే, ఆ రోజు ఆన్ చెయ్యకూడదని ఏదో వంక చెప్పచ్చు. నిన్న నా చేతిలో పడి పోయిందని చెప్పచ్చు. అప్పుడైనా చెప్పచ్చు. బటన్ నొక్కాను. ఫ్యాన్ తిరిగింది. తెర నల్లగానే ఉంది. మళ్ళీ నొక్కాను. పెట్టె పక్కన కుంకుమ నీళ్ళలో కలిసి సన్నగా కారుతోంది. అందరి కళ్ళూ దాని మీదకే వెళ్ళాయి.

"బొట్టు లేని మనిషి సేత బొట్టెట్టిస్తే ఇలాగే ఉంటాది" అంది దొడ్డ. అమ్మ తల తిప్పుకుంది. వదిన నా వైపు చూసింది. వాళ్ళ వైపు కాదు, నా వైపు. అందరిలో తెలిసినవాణ్ణి నేనే కదా.

"నా వల్లేటి బాబూ? సెప్పు. నీళ్ళెక్కువ సల్లీసేనేటి?"

"నీళ్ళు తగిల్తే పోతాది వదినా, ఇలాంటివి" అన్నాను.

అంతే. అదే మాట. ఒక్క అక్షరం అబద్ధం లేదు అందులో. నీళ్ళు తగిలితే ఇలాంటివి పోతాయి, ఎవరినైనా అడగండి. నీ వల్ల పోయిందని నేను అనలేదు. ఆమె అడిగినదానికి జవాబే చెప్పలేదు. కానీ ఆమె విన్నది జవాబుగానే. అలా వింటుందని నాకు తెలుసు. మామిడాకు ఇంకా చేతిలోనే ఉంది. దాన్ని పళ్ళెంలో పెట్టి, చెంగుతో వేళ్ళు తుడుచుకుంది. కుంకుమ ఎంత తుడిచినా పోలేదు. లోపలికి వెళ్ళిపోయింది. కొద్దిసేపటికి అన్నాలకు పిలిస్తే మామూలు తెల్లచీరలో వచ్చి వడ్డించింది.

పండగ వెళ్ళాక ఓరోజు, శ్రీకాకుళంలో ఎవరికైనా చూపిస్తే బాగవదా అని మెల్లగా అడిగింది. అన్నయ్య వస్తువు కదా, ఆమెకు ఆశ. చూపిస్తే మెకానిక్ ఎవడైనా ఆ సాకెట్ చూసి ఒక్క క్షణంలో చెప్పేస్తాడు, ఇది నీళ్ళ వల్ల కాదు, చెయ్యి జారినవాడి వల్ల అని. లాభం లేదు, లోపలంతా తడిసిపోయిందని చెప్పాను. ఇది అచ్చమైన అబద్ధం. దీనికి ఏ సర్దుబాటూ లేదు. ఆ మధ్యాహ్నమే బోర్డు ఊడదీసి పాత ఇనుము కొనేవాడి బండిలో వేసేశాను.

వేరే బోర్డు తెచ్చి సర్వర్ తయారుచేశాను. బాగా నడిచింది. ఇప్పటికీ నడుస్తోంది. వదినను కూర్చోమని పిలిచాను. కళ్ళు మసకబారుతున్నాయి బాబూ అంది. ఇంకోసారి తలనొప్పి అంది. తర్వాత నేను పిలవడం మానేశాను. పిలిచినప్పుడల్లా ఆమె రెండు చేతులూ చెంగులో దాచుకోవడం చూడలేకపోయాను. దొడ్డ మాట చుట్టాలందరికీ పాకింది. ఎవరింట్లో కొత్త వస్తువు కొన్నా వదిన తనంతట తనే వెనక గదిలోకి వెళ్ళిపోయేది. ఎవరూ వెళ్ళమననక్కర్లేదు. కొన్నాళ్ళకు పావనిని తీసుకుని పుట్టింటికి వెళ్ళిపోయింది. మా ఇంట్లో ఉండమని అందరం అన్నాం. గట్టిగా ఎవరం అనలేదు.

అక్కడ జీడిపప్పు ఒలిచే పనికి వెళుతుంది. తలంబ్రాల పక్కన తండ్రి కన్నీళ్ళ ఫొటో పెట్టిన చెయ్యి అది. ఇప్పుడు జీడిపిక్కల రసం తగిలి వేళ్ళ చివర్లు నల్లగా అయిపోయాయి. మా స్టూడియో ఆల్బమ్‌లు బయట చేయిస్తున్నాను. అన్నిటికీ ఒకే పూలు, ఒకే మబ్బులు. ఎవరూ ఏ పేజీ దగ్గరా ఆగరు.

ఇదంతా ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, ఈ మధ్య పావని ఫోన్ చేసింది. డిగ్రీలో చేరింది, ల్యాప్‌టాప్ కొనుక్కుంది. బాబాయ్, అమ్మ దాన్ని ముట్టుకోదు, బొట్టెట్టమంటే పక్కింటావిణ్ణి పిలిసింది, నాన్న ఫొటోలు సూపిస్తానంటే దూరంగా నించుని సూస్తాది, తన సెయ్యి తగిల్తే పాడైపోతాదంట అని చెప్పింది. నవ్వుతూనే చెప్పింది, ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. అమ్మకి నువ్వైనా సెప్పు బాబాయ్ అంది. నేనైనా.

వెళ్ళాను. ఈసారి చెప్పేద్దామనే వెళ్ళాను. దారి పొడవునా బస్సులో మాటలు కూడబలుక్కున్నాను. వదిన బాగా చిక్కిపోయింది. నన్ను చూసి ఎంత సంతోషపడిందో. పావని పాలకోసం బయటకెళ్ళింది. మేమిద్దరమే ఉన్నాం. వదినా, ఆ దసరా రోజు, అని మొదలుపెట్టాను. నన్ను ముందుకు సాగనివ్వలేదు.

"ఆ రోజుదేటికి బాబూ ఇప్పుడు. అందరూ తలో మాటా అన్నారు. నువ్వొక్కడివే నన్నేటీ అన్లేదు. అది నేను మర్సిపోలేదు. పావనికి సెప్తుంటాను, మీ బాబాయ్ లాటోడు ఉండడని."

టీ తాగాను. పంచదార సరిపోయిందా అని అడిగితే సరిపోయిందన్నాను. బస్సు వేళయిందని లేచి వచ్చేశాను.

ఆ ఒక్క ఆసరా అయినా ఆమెకు మిగలనీ అని నోరు మూసుకున్నానని బస్సులో నాకు నేను చెప్పుకున్నాను. ఆ రోజు తన పక్షాన ఒకడైనా ఉన్నాడన్న నమ్మకం తీసేసి నేను బాగుపడేదేముంది అనుకున్నాను. వినడానికి ఎంత బాగుంది. చెబితే ఆమె ఆ నమ్మకం పోగొట్టుకుంటుంది, నిజమే. కానీ తన చెయ్యి తనకు తిరిగొస్తుంది. ఈ రెండింటిలో ఆమెకు ఏది కావాలో ఆమెను అడక్కుండా నేనే తేల్చేశాను. నాకు ఏది సుఖమో అదే తేల్చాను. భయం తప్ప ఇందులో దయ ఏమీ లేదు.

అందుకని కనీసం ఇక్కడైనా తిప్పకుండా రాస్తున్నాను. ఆ కంప్యూటర్ పోయింది నా చేతిలో. పూజకు ముందురోజే పోయింది. మా వదిన పసుపునీళ్ళు దాని మీద పడేసరికి అందులో చెడిపోవడానికి ఏమీ మిగల్లేదు. నాకు తెలిసే ఆమెను పిలిచాను, నాకు తెలిసే ఊరుకున్నాను.

ఇది రాశాక మళ్ళీ ఒకసారి చదువుకున్నాను. ఒంటరిగా ఉన్నప్పుడు కూడా ఇంత సూటిగా ఎప్పుడూ అనుకోలేదు. గుండెల మీది బరువు కొంచెం జరిగినట్టుంది, ఊపిరి లోపలిదాకా వెళుతోంది. దానికి కూడా సిగ్గుపడుతున్నాను. తేలికపడింది నేను. వదినకు ఇంకా ఏమీ తెలియదు.